ఆడపెళ్ళివారు లేని పెళ్ళి

భోజనాలు చాలని పెళ్ళి మీరు చూసే ఉంటారు. పురోహితుడు దారి తప్పి పక్క ఊరి పెళ్ళిలో కూర్చున్న పెళ్ళి గురించి వినే ఉంటారు. కానీ మూడు వందల మంది వచ్చిన పెళ్ళిలో ఆడపెళ్ళివారు సరిగ్గా ఒక్కరంటే ఒక్కరే ఉండటం ఎక్కడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, చేసింది నేనే. మిగిలిన వాళ్ళందరినీ ఒక్క మధ్యాహ్నంలో, ఒక కీబోర్డు ముందు కూర్చుని, మగపెళ్ళివారిని చేసి పారేశాను. అందులో మా నాన్న కూడా ఉన్నారు.

మా పాప ఇప్పుడే పడుకుంది. ఊపిరి తీసుకుంటోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చూశాను. మూడోసారి వెళితే విసుక్కుని నా వేలు తోసేసింది. ఊపిరి ఉందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు కాబట్టి ధైర్యంగా రాయడానికి కూర్చున్నాను. ప్రతిదానికీ ఇంత భయపడే మనిషిని అప్పట్లో దేనికీ భయపడేదాన్ని కాదంటే మీరు నమ్మరు. ఒక్క మనిషికి తప్ప. ఆవిడ దగ్గరికి తర్వాత వద్దాం.

రెండువేల రెండు ప్రాంతం. నేను అప్పుడే బి.ఎస్సీ. కంప్యూటర్స్ పూర్తి చేసి వినుకొండలో ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానని పేరేగానీ, కొత్తగా కత్తెర చేతికి దొరికిన పసిపిల్లలా ఏది కనిపిస్తే దాని మీద ప్రయోగం చేస్తూ తిరిగేదాన్ని. నా చేతిలో కత్తెర పేరు పెర్ల్. అది ప్రోగ్రాములు రాసుకునే ఒక భాష. సీనియర్ దగ్గర తీసుకున్న లావుపాటి పుస్తకానికి జిరాక్సు తీయించి, సగం చదివి, మిగతా సగం నాకు పుట్టుకతో వచ్చేసిందని తీర్మానించుకున్నాను.

మా పెదనాన్న ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. మిరపకాయల బస్తాని మా వైపు టిక్కీ అంటారు. ప్రతి టిక్కీకీ ఒక చీటీ ఉంటుంది. ఎవరిది, ఏ గదిలో, ఏ వరసలో అన్నీ ఆ చీటీ మీద ఉండాలి. ఇరవై ఏళ్ళు ఆ పని చేసీ చేసీ పెదనాన్నకి లోకంలో చీటీ లేనిదేదీ స్థిరంగా ఉండదన్న నమ్మకం కుదిరిపోయింది.

అలాంటి పెదనాన్న ఒక్కగానొక్క కూతురు మా సుధక్క. ఆమెకి సింగరాయకొండ సంబంధం కుదిరింది. అబ్బాయి బంగారం. అక్కకి నచ్చాడు, అక్క అతనికి నచ్చింది. చిక్కల్లా అతని పెద్దమ్మ కోటేశ్వరమ్మ గారు. తల్లి లేని పిల్లాణ్ణి ఆవిడే పెంచింది. నిశ్చితార్థం నాడు వాళ్ళ వ్యాను చెప్పిన టైము కన్నా అరగంట ముందొచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మేమంతా లోపల జనరేటరు చుట్టూ మూగి ఉన్నాం. గేటు దగ్గర ఎదురెళ్ళే నాథుడు లేడు. ఆవిడ వ్యాను దిగలేదు. పెదనాన్న పరుగెత్తుకెళ్ళి చేతులు జోడిస్తే కిటికీలోంచే చెప్పింది:

"ఇవాళంటే సరే అన్నయ్యగారూ. తల్లి లేని పిల్లాడు, అడిగేవాళ్ళెవరనుకున్నారేమో. పెళ్ళినాడు మేం బస్సు దిగేసరికి పానకం బిందెతో ఎదురొచ్చే మనిషి కనబడకపోతే, అదే బస్సు వెనక్కి తిప్పించుకుని సింగరాయకొండ వెళ్ళిపోతాం. తర్వాత నన్నని లాభం లేదు."

ఎదురు సన్నాహం అంటే మీకు తెలియనిదేముంది. మగపెళ్ళివారు ఊళ్ళో దిగగానే ఆడపెళ్ళివారు బాజాలతో ఎదురెళ్ళి, పానకం ఇచ్చి, పన్నీరు చల్లి, విడిదిలోకి తీసుకెళ్ళాలి. ఎంత ఘనంగా పెళ్ళి చేసినా అక్కడ ఒక్క గ్లాసు తగ్గిందంటే ఆ మాట మనవల కాలం దాకా నడుస్తుంది. ఆ రోజు నుంచీ పెదనాన్నకి నిద్ర లేదు. అక్క పైకి నవ్వేది గానీ, ఒకరోజు జడ వేసుకుంటూ అడిగింది, "నిజంగా తిప్పేస్తారంటావా ప్రసన్నా?" అని. ఆ ఒక్క ప్రశ్నకే నాకు ఆవేశం వచ్చింది.

"పెదనాన్నా, నువ్వేం బెంగపడకు. టిక్కీలకి ఉన్నట్టే మనుషులకీ చీటీలు పెడదాం. ఎవరు ఏ వైపు, ఎన్నింటికి ఎక్కడుండాలి, ఏం చెయ్యాలి, అన్నీ పేరుపేరునా కంప్యూటర్ చీటీ. శుభలేఖలో పెట్టి పంపిద్దాం."

పెదనాన్న ముఖం వెయ్యి వాట్ల బల్బులా వెలిగింది. "చీటీలా! నాకు తట్టలేదే! కానీ అమ్మాయ్, సింగరాయకొండ వాళ్ళు రోజూ ఫోన్ చేసి ఇంకో నలుగురొస్తారు, ఇంకో ఆరుగురొస్తారు అంటున్నారు. ఎంతమందో తేలకుండా నీ కంప్యూటర్ ఎట్లా రాస్తది?"

"అదే కదా పెర్ల్ గొప్పతనం! ఫంక్షన్ అని ఒకటుంటుంది. మనం పేరు పెట్టి పని అప్పజెప్పేది. దానికి ఎంతమందిని ఇస్తామో ముందు చెప్పక్కర్లేదు. ముగ్గురినిచ్చినా తీసుకుంటుంది, మూడు వందల మందినిచ్చినా తీసుకుంటుంది. అసలెవర్నీ ఇవ్వకపోయినా ఏమనదు."

"అంటే మన కల్యాణ మండపం లాంటిదన్నమాట."

"అచ్చం అంతే!"

ఆ పోలిక విని ఎంత మురిసిపోయానో. పెదనాన్న ఆ సంగతిని నాకన్నా బాగా పట్టుకున్నాడని అప్పుడు తెలియలేదు. మండపం గుమ్మం దగ్గర నిలబడి ఎవరు ఏ వైపు వాళ్ళని అడిగేవాడు ఉండడు కదా. లోపలికొచ్చాక అందరూ ఒకటే గుంపు. ఆ ఒక్క ముక్క నాకు వెలిగి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పనే ఉండేది కాదు.

కోల్డ్ స్టోరేజీ ఆఫీసులోని కంప్యూటర్ మీద ప్రోగ్రాం రాశాను. మగపెళ్ళివారి జాబితా ఒకటి, ఆడపెళ్ళివారి జాబితా ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి ఫంక్షన్‌కి అందించాను. మొదటి జాబితాలో ఉన్నవాళ్ళ చీటీలో ఇలా పడాలి: "మగపెళ్ళివారు. విడిది: హైస్కూలు. మధ్యాహ్నం మూడు నుంచి కాఫీ, ఫలహారం, విశ్రాంతి." బస్సు వచ్చేది అయిదింటికే అయినా, వంటవాళ్ళు మూడింటికే సిద్ధంగా ఉంటామన్నారు. రెండో జాబితాలో వాళ్ళకి: "ఆడపెళ్ళివారు. నాలుగింటికల్లా కల్యాణ మండపం దగ్గర ఉండవలెను. అక్కడి నుంచి బిందెలతో ఎదురు సన్నాహానికి బయల్దేరవలెను." ఆ ప్రింటరుకి తెలుగు రాదు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.

పరీక్ష చెయ్యకుండా వదిలేశానని అనుకోకండి, చేశాను. ఎవరి పేర్లతో? భయం ఎవరంటేనో వాళ్ళ పేర్లతో! కోటేశ్వరమ్మ గారి పేరు, వాళ్ళాయన పేరు, పెళ్ళికొడుకు పేరు. మూడు చీటీలూ ముత్యాల్లా వచ్చాయి. చప్పట్లు కొట్టుకుని, తర్వాత మొత్తం పేర్లిచ్చి మీట నొక్కాను. ప్రింటరు గంటన్నర సేపు కీచుమంటూ కొట్టింది. చివర్లో ఎదురు సన్నాహానికి ఎవరు బిందె పట్టాలి, ఎవరు పన్నీరు చల్లాలి అన్న పట్టీ ఒకటి రావాలి. "ఆడపెళ్ళివారి పనులు" అన్న శీర్షిక పడింది. దాని కింద తెల్ల కాగితం.

రిబ్బను అయిపోయిందనుకున్నాను. శీర్షిక నల్లగా పడి దాని కింద రిబ్బను అయిపోవడమేమిటని మీరడగొచ్చు. అప్పుడు నా పక్కన మీరు లేరు.

పెదనాన్న చీటీలు లెక్కపెట్టాడు. మూడు వందల పేర్లు, మూడు వందల చీటీలు. తన చేతిరాత జాబితా పక్కన పెట్టుకుని, ఒక్కొక్క ఇంగ్లీషు పేరూ కూడబలుక్కుంటూ, పేరు కలవగానే టిక్కు పెట్టి పక్కన పడేశాడు. కోల్డ్ స్టోరేజీ పద్ధతి అది. టిక్కీ మీద పేరు చూస్తారు, మూతి విప్పి లోపల కాయ చూడరు. నేనూ అక్కా మడతలు పెట్టి శుభలేఖల్లో దూర్చాం. మడత పెడుతున్నంత సేపూ నేను చీటీ కేసి కాదు, అక్క కేసి చూస్తూ నా గొప్పలు చెబుతున్నాను.

"నీకు చీటీ లేదేం పెదనాన్నా?"

"చీటీలిచ్చేవాడికి చీటీ ఏంటే?" అన్నాడు పెదనాన్న. తన పేరు తనే కొట్టేసుకున్నాడు.

శుభలేఖలు వెళ్ళి పదిహేను రోజులైంది. చుట్టాల్లో ఒక్కరు కూడా ఫోన్ చేసి ఇదేమిటని అడగలేదు. నా ప్రోగ్రాం అంత చక్కగా ఉందని నేను కాలరెగరేసుకున్నాను. చుడీదారుకి కాలరుండదు కాబట్టి చున్నీ ఎగరేసుకున్నాను.

పెళ్ళి ముహూర్తం మర్నాడు పొద్దున. ముందు రోజు సాయంత్రం అయిదింటికి సింగరాయకొండ బస్సు రావాలి. నాలుగింటికి నేను కల్యాణ మండపానికి వెళ్ళాను. పట్టుచీర కట్టుకుని, అందరూ నన్ను పొగుడుతారని ముఖం సిద్ధం చేసుకుని మరీ వెళ్ళాను. మండపం ముందు మూడు పానకం బిందెలున్నాయి. బాజా వాళ్ళున్నారు. షామియానా, మైకుసెట్టు అద్దెకిచ్చే మస్తాన్ బాబాయ్ తన ట్రాలీ ఆటోకి మైకు హారన్లు కట్టుకుంటున్నాడు. ఆయనా పెదనాన్నా చిన్నప్పుడు ఒకే బెంచీ. పెదనాన్న కొత్త పంచె కట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. అంతే. ఇంకెవరూ లేరు. మా అమ్మా పెద్దమ్మా లోపల అక్కకి ముస్తాబు చేస్తున్నారు.

"ఏరీ అందరూ?" అన్నాను.

"నువ్వే చెప్పాలి. చీటీలు నువ్వేగా కొట్టింది" అన్నాడు పెదనాన్న.

నాలుగుంపావయింది. నాలుగున్నరయింది. మా చుట్టాల్లో ఒక్క తల కూడా కనబడలేదు. బాజా వాళ్ళు ఖాళీ రోడ్డుకి ఒక పాట వాయించి ఆపేశారు.

"ఒరేయ్, మీ వాళ్ళంతా అలిగారేమోరా!" అన్నాడు మస్తాన్ బాబాయ్.

"మా వాళ్ళందరూ ఒకేసారి అలుగుతార్రా? మూడు వందల్లో నూట ఎనభై మంది నా వాళ్ళు!" పెదనాన్న నా వైపు తిరిగాడు. "ప్రసన్నా, నువ్వు మస్తానుతో ఆటో ఎక్కి విడిది దాకా వెళ్ళి చూసిరా. ఒక బిందె కూడా పట్టుకెళ్ళండి, దేనికైనా మంచిది. నేనిక్కడుంటా. సింగరాయకొండ వాళ్ళు నేరుగా ఇటొస్తే ఒక్కడన్నా ఉండాలి కదా."

ఆ ఒక్కడన్నా అన్న మాట నాకప్పుడు ఎక్కలేదు. ఇప్పుడు, నాకూ ఒక ఆడపిల్ల పుట్టాక, ఆ పంచె, ఆ ఖాళీ రోడ్డు, ఆ మాట తలుచుకుంటే లేచి వెళ్ళి పాపని ఇంకోసారి చూసి వస్తాను.

హైస్కూలు గేటు దాటేసరికి నాకు మొదట వినపడింది నవ్వులు. వరండా నిండా మడత మంచాలు, వాటి మీద మా చుట్టాలు. క్లాసురూముల్లో ఫ్యాన్ల కింద మా చుట్టాలు. కాఫీ డ్రమ్ము చుట్టూ మా చుట్టాలు. పట్టుచీరల్లో, సెంటు వాసనల్లో, కాళ్ళు చాపుకుని, మహారాజుల్లా ఉన్నారు. నడిమంచం మీద మా అన్నపూర్ణ అత్తయ్య దిండుకి ఆనుకుని ఉంది. పెదనాన్నకి పెద్దక్క.

"వచ్చావటే! రెండు గంటలుగా పలకరించే దిక్కు లేదు. గారెల్లోకి చట్నీ ఒకటే రకం వేశారు. మగపెళ్ళివారికి చేసే మర్యాద ఇదేనా?"

"అత్తయ్యా, నువ్వు మగపెళ్ళివారేంటి? పెళ్ళికూతురికి మేనత్తవి!"

"చీటీ చూసుకో." బొడ్లోంచి తీసి నా ముఖం ముందు పెట్టింది. మా మామయ్య చేత చదివించుకుని, ఆ ముక్క కింద గీత కూడా గీయించుకుంది. "మ-గ-పె-ళ్ళి-వా-రు. విడిది. కాఫీ, ఫలహారం, విశ్రాంతి. నలభై ఏళ్ళయిందే నేను ఈ ఇంటి పెళ్ళిళ్ళలో గరిటె పట్టుకుని తిరగబట్టి! మా తమ్ముడికి ఇన్నాళ్ళకి నా కష్టం కనపడింది. నువ్వు కూర్చో, కూర్చుంటేనే తెలుస్తుంది సుఖం."

పక్క మంచం మీదికి చూస్తే మా నాన్న.

"నాన్నా! నువ్వు కూడానా!"

నాన్న గారె మింగి, అమాయకంగా చీటీ చూపించారు. "అన్నయ్య ఇట్లా ఏర్పాటు చేశాడు కాబోలు అనుకున్నానమ్మా. ఆయన పద్ధతి ఆయనకుంటుంది, ఎందుకు అడగటం?"

చూశారా, పదిహేను రోజులు ఫోన్ ఎందుకు రాలేదో! నూట ఎనభై మందికి పనిమనిషి నుంచి జమీందారుగా పదోన్నతి ఇస్తే, పొరపాటు పడ్డావేమో చూసుకో అని ఎవడు ఫోన్ చేస్తాడండీ?

నా బుర్రలో అప్పుడు వెలిగింది. పెర్ల్ ఫంక్షన్‌కి మనం ఎన్ని జాబితాలిచ్చినా అది వాటిని విడివిడిగా తీసుకోదు. రెండు టిక్కీల మూతులు విప్పి ఒకే కల్లంలో పోసినట్టు అన్నిటినీ ఒకటే రాశిగా పోసుకుంటుంది. తర్వాత నేను "మొదటి జాబితా, నీ వాటా తీసుకో" అన్నాను. అది మొత్తం కల్లం ఊడ్చేసుకుంది. "రెండో జాబితా, నీది తీసుకో" అన్నాను. దానికి మిగిలింది దుమ్ము. పెర్ల్ ఏమీ అనలేదు. దానికి సున్నా మందినిచ్చినా అభ్యంతరం లేదని పెదనాన్నకి గొప్పగా చెప్పింది నేనే కదా! ఆ తెల్ల కాగితం రిబ్బను అయిపోయి రాలేదు. వినుకొండలో ఆడపెళ్ళివారు అయిపోయి వచ్చింది. ఒక్కొక్క జాబితా పేరు ముందు ఒక చిన్న వాలుగీత పెట్టి ఉంటే, టిక్కీ మూతి కట్టి అందించినట్టు, దేనికది విడిగా ఉండేది. ఆ సంగతి పుస్తకంలో ఉంది. నాకు పుట్టుకతో వచ్చిందనుకున్న రెండో సగంలో ఉంది.

"అత్తయ్యా, లేవండి! అందరూ లేవండి! తప్పు జరిగింది. మీరంతా ఆడపెళ్ళివారు!"

అత్తయ్య కళ్ళు చిన్నవి చేసింది.

"ఇచ్చిన మర్యాద వెనక్కి తీసుకుంటారటే? నేను లేవను."

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర బస్సు హారన్ మోగింది. అయిదింటికి పది నిమిషాలుంది. సింగరాయకొండ వాళ్ళు వాళ్ళ అలవాటు ప్రకారం ముందే వచ్చారు.

హారన్ విని మా వాళ్ళంతా లేచి గేటు దగ్గరికి నడిచారు. ఎదురెళ్ళడానికనుకునేరు! తమకి ఎదురు సన్నాహం చెయ్యడానికి బాజాలతో బస్సు పంపించారని వాళ్ళ ఊహ. బస్సు తలుపు తెరుచుకుంది. ఇటు నూట ఎనభై మంది చేతులు కట్టుకుని, మాకు పానకం ఏదీ అన్నట్టు చూస్తున్నారు. అటు నూట ఇరవై మంది కిటికీల్లోంచి, మాకు పానకం ఏదీ అన్నట్టు చూస్తున్నారు. ఇన్ని కళ్ళు ఒకదానికోసం ఒకటి అంత సేపు ఎదురుచూడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ముందు సీట్లో కోటేశ్వరమ్మ గారు. వక్కపొడి నములుతూ, గేటు దగ్గరి జనాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి చూసింది. ఒక్క బిందె కూడా కదలలేదు.

"ఏమయ్యా డ్రైవరూ, వెనక్కి తిప్పుకోడానికి స్థలం ఉందా ఇక్కడ?"

పెళ్ళికొడుకు వెనక సీట్లోంచి లేచాడు. "పెద్దమ్మా..."

"నువ్వు కూర్చో. నీకేం తెలీదు."

అక్క జడ వేసుకుంటూ అడిగిన ప్రశ్న నాకు చెవిలో వినపడింది. నేను ఎలా వెళ్ళానో తెలియదు, బస్సు మెట్టెక్కి నిలబడి ఉన్నాను. మస్తాన్ బాబాయ్ ఆటో నా వెనకే ఆగింది. ఏదో ఒకటి మాట్లాడి పరిస్థితి చక్కదిద్దుదామని ఆయన మైకు ఆన్ చేసి, ఏం మాట్లాడాలో తోచక దాన్ని నా చేతిలో పెట్టాడు. అందుకని తర్వాతి మాటలన్నీ వినుకొండ సగం విన్నది.

"తిప్పకండి అత్తయ్యగారూ! తప్పు నాది!"

"నువ్వెవరు?"

"పెళ్ళికూతురు చెల్లెల్నండీ. బాబాయి కూతుర్ని."

"అయితే ఆడపెళ్ళిదానివే కదా. చేతిలో మైకు ఉంది, పానకం ఏదీ?"

నేను చేతిసంచీలోంచి నా చీటీ తీసి చూశాను. రాసింది నేనే కదా అని అప్పటిదాకా విప్పలేదు. "లేదండీ. నేను కూడా మీ వాళ్ళే."

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "వీళ్ళంతా ఎవరు మరి?"

"వాళ్ళూ మీ వాళ్ళేనండీ. మా నాన్న కూడా. కంప్యూటర్ అందరినీ మగపెళ్ళివార్ని చేసేసింది. రెండు జాబితాలిస్తే కలిపేసిందండీ. ముందు పరీక్ష చేశాను గానీ, మీ పేర్లతో ఒక్కటే చేశాను. మా వాళ్ళ పేర్లతో చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

"మీరంటే భయమండీ. మా వాళ్ళంటే లేదు."

హారన్లలోంచి నా మాట కొండ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆవిడ వక్కపొడి నమలడం ఆపింది.

"నేనంటే అంత భయమా?"

మస్తాన్ బాబాయ్ నా చేతిలోని మైకులోకి వంగి, "ఉందమ్మా. నాకు కూడా ఉంది" అన్నాడు.

ఈసారి బస్సంతా నవ్వింది. ఆవిడ చెయ్యెత్తగానే ఆగిపోయింది. "మొత్తం మగపెళ్ళివారే అంటున్నావు. అయితే ఈ పెళ్ళికి ఆడపెళ్ళివారే లేరా?"

"ఒక్కరున్నారండీ. మా పెదనాన్న. ఆయనకి చీటీ లేదు. మండపం దగ్గర రోడ్డు మీద నిలబడి ఉన్నారు."

"ఒక్కడేనా?"

"ఒక్కరేనండీ. మీరు నేరుగా అటొస్తే ఎదురు రావడానికి ఒక్కడన్నా ఉండాలని."

కోటేశ్వరమ్మ గారు కొంచెం సేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత మాట్లాడితే గొంతు వేరేగా ఉంది.

"మా రెండో అమ్మాయి పెళ్ళికి వాళ్ళ నాన్న కూడా ఇట్లాగే నిలబడ్డాడు. మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు మగపెళ్ళివారు. వచ్చి పానకం వేడెక్కిందన్నారు. ఆయన ఏమీ అనకుండా లోపలికెళ్ళి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు." చీర కొంగు బొడ్లో దోపుకుంది. "పక్కకి జరుగు."

ఆవిడ బస్సు దిగింది! మెట్లు దిగి, నేరుగా ట్రాలీ ఆటో దగ్గరికి నడిచి, మస్తాన్ బాబాయ్‌తో అంది, "ఆ బిందె ఇట్లా దించు. ఆడపెళ్ళివారు లేకపోతే నేనే ఆడపెళ్ళిదాన్ని. ముగ్గురు ఆడపిల్లల తల్లిని. ఈ పని నాకు రాదా?"

గ్లాసు ముంచి, నిండుగా పానకం పోసి, గేటు దగ్గర ముందు వరసలో నిలబడ్డ మా అన్నపూర్ణ అత్తయ్య చేతికిచ్చింది.

"తీసుకో వదినా. ప్రయాణం బాగా జరిగిందా?"

అత్తయ్య వచ్చింది పక్క వీధి నుంచి. అయినా గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది. నలభై ఏళ్ళ తర్వాత చేతికొచ్చిన గ్లాసు అది. కళ్ళు తుడుచుకుని, ఇదంతా ఎవరూ చూడలేదన్నట్టు అరిచింది:

"ఏమర్రా, బొమ్మల్లా నిలబడ్డారేం? వదినగారు బిందె మోస్తుంటే చూస్తూ ఊరుకుంటారా? బస్సులో పిల్లలకి ముందు గ్లాసులివ్వండి!"

ఇక చూడాలి ఆ గలాటా. మా వాళ్ళు బస్సులోకెక్కి పానకం ఇస్తుంటే, వాళ్ళు బస్సు దిగి మా వాళ్ళకిస్తున్నారు. ఎవరు ఎవరికి ఇస్తున్నారో, ఎవరు ఎవరి మీద పన్నీరు చల్లుతున్నారో తెలియడం లేదు. మా నాన్నకి ముగ్గురు వేరువేరుగా ఎదురు సన్నాహం చేశారు. ఆయన మూడుసార్లూ తాగారు. పెళ్ళికొడుకు చేతికి ఎవరో బిందె ఇస్తే, పాపం, అతను కూడా నలుగురికి పోశాడు.

అంతలో పెదనాన్న వచ్చాడు. హారన్లలో "తిప్పకండి" అన్న కేక విని, ఒక బిందె భుజాన పెట్టుకుని మండపం నుంచి పరుగెత్తాడు. వచ్చేసరికి సగం పానకం కొత్త పంచె మీదే ఉంది. గేటు దగ్గర ఆయాసపడుతూ నిలబడి, తన అక్క చేత పానకం తాగిస్తున్న కోటేశ్వరమ్మ గారిని చూసి, నోరు తెరిచి, బిందె దించడం మర్చిపోయాడు.

"అమ్మా, క్షమించాలి. మనుషులు..."

"మనుషులకేం అన్నయ్యగారూ, కావలసినంత మందున్నారు" అందావిడ. "ఆ బిందె దించండి ముందు. మీరు కూడా ఒక గ్లాసు తాగండి. అయితే నా చేత్తో ఇచ్చింది తాగాలి."

పెదనాన్న తాగాడు. నేను ట్రాలీ ఆటో చక్రం పక్కన కూర్చుని హాయిగా ఏడ్చాను. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

మర్నాడు పెళ్ళి దివ్యంగా జరిగింది. భోజనాల్లో మొదటి బంతి ఎవరిదన్న పేచీయే రాలేదు. అందరి చీటీల్లోనూ ఒకటే రాసి ఉంది కదా, ఎవరిని లేవమంటారు? రెండు వైపుల వాళ్ళూ కలిసి కూర్చున్నారు, కలిసి వడ్డించారు. అక్క అప్పగింతలప్పుడు ఏడవాల్సింది పోయి నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. కోటేశ్వరమ్మ గారే పక్కన చేరి, "కాస్త ఏడవ్వే, ఫోటోలు తీస్తున్నారు" అని మందలించింది.

ఆ వారమే కూర్చుని పుస్తకం రెండో సగం చదివాను. రెండు జాబితాల ముందూ రెండు వాలుగీతలు పెట్టాను. ఆడపెళ్ళివారిని ఆడపెళ్ళివారిగా, మగపెళ్ళివారిని మగపెళ్ళివారిగా అచ్చు వేసుకుని పదిసార్లు పరీక్షించాను. ఎవరన్నా అడగకపోతారా, నా పరువు తిరిగి దక్కకపోతుందా అని ఎదురుచూశాను.

ఏడాది తిరక్కుండానే అడిగారు. సింగరాయకొండ నుంచి ఫోన్.

"మా మూడోదానికి సంబంధం కుదిరిందే. చీటీలు నువ్వే కొట్టాలి."

"తప్పకుండా అత్తయ్యగారూ! ఈసారి ఏ భయమూ లేదు. ఆ తప్పు దిద్దేశాను."

అవతల వక్కపొడి నమిలే చప్పుడు ఆగింది.

"దిద్దేశావా? ఎవరు దిద్దమన్నారే నిన్ను? నాకు పాతదే కావాలి. అందర్నీ మగపెళ్ళివార్ని చేసెయ్యి. ఆడపెళ్ళివారి పని నేనూ, మీ పెదనాన్నా చూసుకుంటాం. మాకు అలవాటైంది."

కాబట్టి పాఠక మహాశయులారా, ముక్కోటి దేవతలనూ, నా డిగ్రీ సర్టిఫికెట్‌నూ సాక్షిగా పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ ఫంక్షన్‌కీ రెండు జాబితాలను మూతి కట్టకుండా అందించను, అందించను, అందించను. కోటేశ్వరమ్మ గారు అడిగితే తప్ప. ఆవిడంటే నాకు ఇప్పటికీ భయమే.